బ్యాటరీ లేని రంపం

గ్రేటర్ నోయిడా,
నవంబరు 18, మంగళవారం.

సౌభాగ్యవతి అన్నపూర్ణేశ్వరికి,

నీ భర్త లక్ష్మీపతి అనేక ఆశీస్సులతో, కొంచెం భయంతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ హారికా క్షేమం. అక్కడ కొండల్లో నువ్వూ, నీ సిస్టర్లూ, నీ వార్డులోని జవాన్లూ క్షేమమని తలుస్తాను. పెళ్ళయిన నాటి నుంచి, నిన్ను ఏ ఊరి మిలిటరీ ఆసుపత్రికి వేస్తే ఆ ఊరికి ఈ రెండు ముక్కలూ చూడకుండా రాసేవాణ్ణి. ఈసారి మొదటిది రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. ఆ కొట్టివేత నీకు కనబడుతూనే ఉంటుంది. కొత్త కాగితం తీసుకుందామంటే, మొన్న ఆదివారం తగిలిన అదురు నుంచి నేనింకా తేరుకోలేదు. కంగారు పడకు, దెబ్బలేం తగల్లేదు. వేళ్ళు పదీ ఉన్నాయి.

ముందుగా నీ ప్రశ్నలకు ఆఫీసు పద్ధతిలో, వరసగా జవాబులు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. ఉషా దీదీ పనికి నాగా పెట్టడం లేదు. హారిక ప్రతి ఆదివారం గురుగ్రామ్ నుంచి వస్తోంది. తిన్నావా అని నేను తెలుగులో అడిగితే "హాఁ పాపా, ఖా లియా" అంటుంది. ఆ విషయంలో మనం చెయ్యగలిగింది ఇక ఏమీ లేదు.

ఈ మధ్య నీకు వింత వింత సందేహాలు వస్తున్నాయి. నా చేతిరాత చీమల బారులా చిన్నదైపోతోందేమని అడిగావు. ముప్పై ఆరేళ్ళు సర్కారు కాగితం పొదుపు చేసినవాణ్ణి, సొంత కాగితం దుబారా చేస్తానా? కాఫీ డికాక్షన్ వాసన మునుపటిలాగే ఉందా అన్నావు. అదే దుకాణం, అదే పొడి, వాసన ఎక్కడికి పోతుంది? పొద్దున్నే నడకకు వెళ్ళినప్పుడు రెండు చేతులూ ఊపుతున్నారా అని దానికి ముందు ఉత్తరంలో అడిగావు. నేనేమైనా రిపబ్లిక్ డే పరేడుకు వెళ్తున్నానా తల్లీ?

ఇక చైన్‌సా, అదే మన గొలుసు రంపం సంగతి. కొన్నాను. అది పెద్ద కథ.

దసరా సెలవుకు వచ్చినప్పుడు పెరట్లో నేరేడు చెట్టు కింద నిలబడి నువ్వు వేసిన ఆర్డరు నాకు గుర్తుంది. జనవరిలో నువ్వు మళ్ళీ వచ్చేసరికి వెనక వరండాలో ఎండ పడాలి. అందుకు రెండు కొమ్మలు తియ్యాలి. ఏవి తియ్యాలో మర్చిపోతానని వాటికి బ్యాండేజీ గుడ్డ చుట్టి ముడి కూడా వేసి వెళ్ళావు. కిందటేడు తోట పని చేసే మాలీకి అప్పగిస్తే చెట్టుకు గుండు గీసి వదిలాడు కాబట్టి ఈసారి మాలీ వద్దన్నావు. బ్యాటరీ రంపం ఒకటి కొనుక్కుందాం, ఏటా పనికొస్తుంది అని నేనన్నాను. గోడకు మేకు కొట్టనివ్వని నువ్వు దానికి సరేనన్నావు. ఎందుకు సరేనన్నావో అప్పుడు నేను ఆలోచించలేదు. పైగా పోయిన ఉత్తరంలో షరతులు కూడా రాశావు: "తేలికగా ఉండాలి. చెయ్యి వదిలితే ఆ క్షణమే ఆగిపోవాలి. ముందు చేతికి అడ్డు ఉండాలి. కొన్నాక మీరొక్కరే ముట్టుకోకండి, చెన్నకేశవులు గారిని పిలవండి."

పిలిచాను. నీ పేరు చెబితే ఇప్పటికీ అటెన్షన్‌లో నిలబడే ఆ రిటైర్డ్ సుబేదారు, పక్కింటి గోడ మీదుగా సంగతంతా విని, అనంతపురం యాసలో నన్ను చీవాట్లు పెట్టాడు.

"బ్యాటరీది ఏంటికి సార్? అది ఆడపిల్లోల్ల బొమ్మ మాదిరి ఉంటాది. పెట్రోలుది తీసుకోండి. తాడు ఒక్క గుంజు గుంజితే సాలు, చెట్టు మొత్తం పడిపోతాది."

"మొత్తం పడిపోతే మీ మేడమ్ నన్ను ఊరుకోదండీ," అన్నాను. అసలే నవంబరు గాలి, ఇంటికో ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టుకుని బతుకుతున్నాం, పెరట్లో పెట్రోలు పొగ కూడానా అని వాదించాను. బ్యాటరీదైతే చప్పుడు తక్కువ, వాసన లేదు, మీట వదిలితే ఆగుతుంది, రెండు కొమ్మలకు అంతకంటే అక్కర్లేదు అన్నాను. అవన్నీ నిజాలే. పెట్రోలు వద్దనడానికి అసలు కారణం మాత్రం ఆయనకు చెప్పలేదు.

ఇద్దరం మెట్రోలో పాత ఢిల్లీ చావ్డీ బజార్ వెళ్ళాం. అక్కడ నాకు మొదటి అదురు. రంపం అంటే రంపమే కదా అనుకున్నాను. ఒక్కొక్క దుకాణంలో గోడ నిండా వేలాడుతున్నాయి. అరచెయ్యంత చిన్నది, ఒంటి చేత్తో కొమ్మలు తుంచేది ఒకటి. పది అంగుళాల బ్లేడుది, పన్నెండుది, పదహారుది. కర్ర చివర రంపం కట్టినట్టుండేది, పైకొమ్మల కోసం. నాలుగు దుకాణాల్లో నాలుగు రకాల వోల్టులు చెప్పారు. ఒకాయన నాకు గొలుసుకు నూనె ఎక్కడ పొయ్యాలో చూపించాడు, ఆ నూనె తొట్టి ఖాళీగా వస్తుందట, మర్చిపోయి నడిపితే గొలుసు మాడిపోతుందట. "అంకుల్‌జీ, పకడ్‌కే దేఖో, కిత్‌నా హల్కా హై," అని, ఎంత తేలికో పట్టుకు చూడమని నా చేతికి ఇవ్వబోయాడు. నేను చేతులు జేబుల్లో పెట్టుకుని, చలిగా ఉంది, మీరే చూపించండి అన్నాను. చెన్నకేశవులు నా వంక చూసి, "చలి యాడుంది సార్?" అన్నాడు.

తర్వాత నేను చేసిన పని విని నువ్వు నవ్వుతావు. నవ్వుకో. నేను టెండరు పిలిచాను. ఉట్టి మాటల మీద వస్తువు కొనే మనిషిని కాను కదా. ఇంటికొచ్చి, తెల్ల కాగితం మీద గళ్ళు గీసి, బ్లేడు పొడవు, బరువు, చేతి అడ్డు, రెండంచెల మీట, గొలుసు బిగించే పద్ధతి, గ్యారంటీ, అన్నీ రాసి నాలుగు దుకాణాలకూ వాట్సాప్ చేశాను. రేట్లు శుక్రవారం మధ్యాహ్నం లోపు పంపాలని గడువు కూడా పెట్టాను. "అంకుల్‌జీ, ఆప్ సర్కార్ సే హో క్యా?" అని ఒకడు అడిగాడు. ఇద్దరు జవాబే ఇవ్వలేదు. మిగతా ఇద్దరి రేట్లూ పక్కపక్కన పెట్టి, సాంకేతికంగా ఇద్దరూ అర్హులే అని తేల్చి, తక్కువ రేటు చెప్పినవాడికి ఆర్డరు ఇచ్చాను. పన్నెండు అంగుళాలది, నీ షరతులన్నీ ఉన్నది. శనివారం సాయంత్రానికి డబ్బా ఇంటికి వచ్చింది. నాకెంత గర్వంగా ఉందంటే, ఆ తులనాత్మక పట్టికను ఫ్రిజ్ మీద అంటించాను.

ఆదివారం పొద్దున టీ తాగాక, హారిక ఇంకా రాకముందే, చెన్నకేశవులు వచ్చాడు. వరండాలో చాప పరిచి డబ్బా విప్పాను. అక్కడ జరిగినదాంట్లో సగమే ముందు రాస్తాను. రెండో సగానికి నాకు కొంచెం వ్యవధి కావాలి.

రంపాన్ని రెండు చేతులతో పైకి లేపాను. లేపీ లేపగానే అది గజగజమని వణికింది. నాకు ప్రాణాలు పైపైకి వచ్చాయి. "ఆన్‌లో ఉంది! దూరం జరగండి!" అని కేక పెట్టాను. వంటింట్లోంచి ఉషా దీదీ "క్యా హువా" అని పరుగెత్తుకొచ్చింది. చెన్నకేశవులు అంతటి సుబేదారూ చాప మీంచి ఒక్క గెంతున గోడ దాకా పోయాడు. నేను రంపాన్ని కింద పెట్టేసి వెనక్కి జరిగాను. అది చాప మీద కదలకుండా పడి ఉంది. కాసేపటికి ఆయన దగ్గరకొచ్చి, వంగి, తిప్పి చూశాడు.

"సార్, బ్యాటరీ యాడ?" అన్నాడు. "బ్యాటరీ పెట్టే గూడు ఉత్తదే ఉంది."

డబ్బా బోర్లించాం. పుస్తకం ఉంది, గొలుసు ఉంది, చిన్న స్పానరు ఉంది. బ్యాటరీ లేదు, చార్జరూ లేదు. దుకాణానికి ఫోన్ చేస్తే, "అంకుల్‌జీ, వో తో బాడీ కా రేట్ థా. బ్యాటరీ, చార్జర్ అలగ్. ఆప్‌కే కాగజ్ మే బ్యాటరీ కా ఖానా హీ నహీ థా," అన్నాడు. ఉట్టి రంపానికే ఆ రేటు, బ్యాటరీ వేరట. పట్టిక తెచ్చి చూసుకున్నాను. నిజమే. అన్నిటికీ గడి గీశాను, బ్యాటరీకి తప్ప. బ్యాటరీ రంపానికి బ్యాటరీ ఉండదా అని నా ధీమా. అన్నపూర్ణా, పదిహేనేళ్ళ క్రితం మా సెక్షన్‌లో ఇలాగే కార్ట్రిడ్జ్ లేకుండా జిరాక్సు మిషన్లు కొన్నందుకు కింది అధికారి మీద రెండు పేజీల నోట్ పెట్టినవాణ్ణి నేను! ఆ నోట్ ఎవరైనా ఇప్పుడు నా ముందు చదివితే తల ఎక్కడ పెట్టుకోవాలి?

నిన్న సోమవారం మళ్ళీ వెళ్ళి బ్యాటరీ, చార్జరు, ఒక సీసా నూనె, కళ్ళద్దాలు, చేతి తొడుగులు తెచ్చాం. అవన్నీ కలుపుకుంటే, నేను తిరస్కరించిన రెండోవాడే చవక. పట్టికను ఫ్రిజ్ మీంచి తీసేశాను. ఈరోజు పొద్దున పదింటికి, కొమ్మలు తీసుకోవచ్చని మన కాలనీ సంఘం ఇచ్చిన కాగితం జేబులో పెట్టుకుని, కొమ్మకు తాడు కట్టి నేను పట్టుకున్నాను. చెన్నకేశవులు కోశాడు. నువ్వు గుడ్డ కట్టిన రెండే కోశాడు, మూడోదాని ఆకు కూడా రాలలేదు. ఒక్కో కొమ్మకు రెండు నిమిషాలు పట్టలేదు. రెండోది తెగి పడగానే వరండాలోకి ఎండ వచ్చేసింది, లైటు వేసినట్టు. ఆడపిల్లల బొమ్మ అన్న మనిషే దాన్ని దులిపి, తుడిచి, "బానే ఉంది సార్," అన్నాడు.

రంపం మనది, చెట్టు మనది, చెన్నకేశవులు ఎందుకు కోశాడు అని నువ్వు అడుగుతావు. ఇక రెండో సగం రాయాలి.

దుకాణంవాడితో ఫోన్ పెట్టేశాక నేను నవ్వాను. చెన్నకేశవులు కూడా నవ్వాడు. ఉషా దీదీ తల కొట్టుకుంటూ లోపలికి పోయింది. తర్వాత ఆయన నవ్వు ఆపేశాడు. రంపాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"సార్," అన్నాడు మెల్లిగా, "బ్యాటరీ లేకుండా అది ఎట్ల వణికింది?"

ఆ క్షణం దాకా నేను నిజంగానే మిషన్ వణికిందనుకున్నాను. ఒట్టు. ఏడెనిమిది నెలలుగా నా కుడి చెయ్యి సంగతి నాకు తెలుసు, అయినా ఆ క్షణం మిషన్‌నే అనుమానించాను. ఆయన వచ్చి నా ఎదురుగా కూర్చుని, నా కుడి చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. అక్కడ కూడా అది ఆగలేదు. సైన్యంలో మందుపాతరలు వెలికితీసినవాడు, వంతెనలు కట్టినవాడు, ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి నేను బెదిరిపోయాను.

"మేడమ్‌కు తెల్సునా సార్?"

"తెలీదు."

"మీరు రాయకుంటే నేను రాస్తా. నా తెలుగు బాగుండదు, అయినా రాస్తా."

అందుకే రాస్తున్నాను. మార్చిలో మొదలైంది. ముందు బొటనవేలు. పేపరు పట్టుకుంటే పేపరు గలగలమనేది, ఫ్యాను గాలి అనుకున్నాను. తర్వాత పెద్ద కప్పు వదిలి స్టీలు గ్లాసుకు మారాను, సగమే పోసుకుని రెండు చేతులతో తాగుతున్నాను. గుండీల చొక్కాలు మాని టీషర్టులు వేసుకుంటున్నాను. దసరాకు నువ్వు వచ్చిన పది రోజులూ నా కుడి చెయ్యి జేబులోనో, తల కిందో, దిండు కిందో ఉంది. పెట్రోలు రంపం వద్దన్నది పొగ కోసం కాదు. ఆ తాడు గుంజే బలం, గురి నా చేతికి లేవు. ఈ నెల మొదట్లో పింఛనుకు జీవన ధ్రువపత్రం ఇవ్వడానికి వెళ్తే, వేలు పెట్టే మిషన్ మూడుసార్లు ఒప్పుకోలేదు. "అంకుల్, ఉంగ్లీ హిలాయియే మత్," అని వేలు కదపొద్దన్నాడు అక్కడి కుర్రాడు. నేను హిలాయించడం లేదని ఎలా చెప్పను? బతికే ఉన్నానని రుజువు చెయ్యడానికి ఎడమ చేతి వేలు పెట్టి వచ్చాను.

ఎందుకు దాచానంటే, ఫిబ్రవరిలో నీకు కల్నల్ ప్రమోషన్ బోర్డు ఉంది. హారిక పదో తరగతిలో ఉన్నప్పుడు నువ్వు ఢిల్లీ పోస్టింగు అడిగి తీసుకుని ఒక మెట్టు వెనకపడ్డావు. ఇప్పుడు సంగతి తెలిస్తే మళ్ళీ బదిలీకి అర్జీ పెట్టి వచ్చేస్తావని నాకు తెలుసు. రెండోసారి కూడా నీకు అడ్డం పడటం నాకు ఇష్టం లేకపోయింది. ఇది ఒక కారణం. రెండోది, నాకు భయం వేసింది. డాక్టరు దగ్గరకు వెళ్తే దానికొక పేరు పెడతాడు. పేరు లేనంతకాలం అది వట్టి వణుకే కదా అనుకున్నాను.

ఇక్కడి దాకా రాసి, బోర్డు తేదీ సరిగా చూద్దామని నీ పాత ఉత్తరాలు తెచ్చుకున్నాను. జూన్ నుంచి ఉన్నవన్నీ వరండాలో, ఎండలో, వరసగా పెట్టుకుని చదివాను. అన్నపూర్ణా, నిర్ఘాంతపోయాను. మొన్న రంపం పట్టుకున్నప్పటి అదురు దీని ముందు ఏమీ కాదు.

జూన్ ఉత్తరంలో, నిద్రలో కేకలు పెడుతున్నారా అని అడిగావు. జులైలో, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఆలస్యమవుతోందా. ఆగస్టులో, మిమ్మల్ని ఎవరైనా ఎందుకు ముభావంగా ఉన్నారని అడిగారా. తర్వాత చేతులు ఊపడం. తర్వాత చేతిరాత, కాఫీ వాసన. అన్నిటినీ బీపీ మాత్రలకూ, హారిక తిండికీ మధ్యలో, ఏమీ ఎరగనట్టు పెట్టావు. నేను ప్రతిదానికీ వెటకారంగా జవాబు రాశాను. ముప్పై ఏళ్ళుగా రోగుల మంచాల పక్కన నిలబడిన మనిషివి, ఆరు నెలలుగా ఉత్తరాల్లో నన్ను పరీక్ష చేస్తున్నావు! తేలికగా ఉండాలి, చెయ్యి వదిలితే ఆగిపోవాలి, ఒక్కరే ముట్టుకోకండి. అవి రంపం గురించి రాసిన షరతులని నేను గళ్ళల్లో నింపుకున్నాను. గోడకు మేకు కొట్టనివ్వని దానివి రంపానికి ఎందుకు సరేనన్నావు? మరో మనిషి పక్కన ఉండగా నా చెయ్యి నాకే కనబడాలనా? దసరా పది రోజులూ నేను దాచడమూ చూశావు, చూసి ఒక్క మాట అనలేదు. నాకు నీ మీద కోపం వస్తోంది. ఏడుపూ వస్తోంది. నేనే చెప్పాలని ఇన్నాళ్ళు ఎలా ఓర్చుకున్నావు?

పై పేజీలోని జవాబులు కొట్టెయ్యను. అబద్ధం ఆడానని అవి అక్కడే ఉండాలి. మళ్ళీ రాస్తున్నాను. చేతిరాత దానంతట అదే చిన్నదైపోతోంది, మొదటి మాట పెద్దదిగా మొదలుపెట్టినా వరస చివరికి చీమలే. కాఫీ వాసన ఏప్రిల్ నుంచి తెలియడం లేదు, వేడిని బట్టి తాగుతున్నాను. నడకలో ఎడమ చెయ్యే ఊగుతోంది. గుండీలకు పావుగంట. నిద్రలో కేకలు పెడుతున్నానో లేదో చెప్పడానికి పక్కన నువ్వు లేవు.

హారికకు ఇందాకే ఫోన్ చేసి చెప్పాను. అంతా విని "నాన్నా, నేను వస్తున్నా," అంది. పాపా అనలేదు. గురువారం నరాల డాక్టరు దగ్గరకు తనే తీసుకెళ్తుంది. ఆయన పెట్టే పేరు ఏదైనా నీకు ఉన్నదున్నట్టు రాస్తాను.

నీ బోర్డుకు నువ్వు తప్పకుండా వెళ్ళాలని, అర్జీ పెట్టనని మాట ఇవ్వాలని అడగాలనుకునే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇప్పుడు అడగను. నీకు తెలియకూడదని దాచి, నీ తరఫున నిర్ణయం నేనే తీసుకున్నాను. అది నా పని కాదు. వెళ్తావో, వస్తావో నువ్వే తేల్చుకో. నాకు మాత్రం నువ్వు రావాలని ఉంది, వెళ్ళాలనీ ఉంది. రెండూ రాసేస్తే నయమనిపించింది.

కొమ్మల నుంచి నీ బ్యాండేజీ గుడ్డలు విప్పి ఉతికి ఆరేశాను. ముడులు విప్పడానికి చాలాసేపు పట్టింది. ఎండ నీ కుర్చీ దాకా వచ్చింది. నేను దాని పక్కన కూర్చుని, కుడి చెయ్యి జేబులోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

సంతకం పెద్దదిగా పెడదామని చిత్తుకాగితం మీద నాలుగుసార్లు ప్రయత్నించాను. ప్రతిసారీ చివరి అక్షరానికి వచ్చేసరికి చిక్కిపోతోంది. అలాగే పెడుతున్నాను. నువ్వు చూడాలి.

ఇట్లు,
నీ భర్త,
లక్ష్మీపతి